ఒకే రిపోర్టుకు 81, 67, 54: మా మార్కుల ఫారంలో తప్పెక్కడ?

హబ్సిగూడ_ఫైళ్లు (ప్రశ్న):

నమస్తే అందరికీ. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

నేను హబ్సిగూడలో ఒక చిన్న ట్రస్టులో పనిచేస్తున్నాను. ఆఫీసులో మొత్తం తొమ్మిది మందిమి. పేదల బతుకుల మీద చేసే చిన్న చిన్న పరిశోధనలకు మా ట్రస్టు డబ్బిస్తుంది, ఒక్కోదానికి మూడు లక్షల నుంచి ఎనిమిది లక్షల దాకా. నాలుగేళ్లలో పద్నాలుగు పూర్తయ్యాయి. పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు మూసీ నీళ్లతో పారా గడ్డి (పశువుల మేత) పెంచే రైతుల మీద ఒకటి. బోరబండ నుంచి ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్ల బస్సు ప్రయాణాల మీద ఒకటి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఇంటికెళ్లాక నిజంగా ఎవరు తింటున్నారన్న దాని మీద ఒకటి. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో కూలీల మీద ఒకటి. ఇలాంటివే మిగతావీ.

ఇప్పుడు మా బోర్డు అడుగుతోంది: వీటిలో ఏవి బాగా జరిగాయి, ఎవరికి మళ్లీ డబ్బివ్వాలి అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు తయారుచేసే పని నా నెత్తిన పడింది.

నేను ఎక్సెల్‌లో ఒక ఫారం చేశాను. 22 ప్రశ్నలు, ఐదు విభాగాలు: పద్ధతికి 40 మార్కులు, ఉపయోగానికి 25, కొత్తదనానికి 15, రాతకు 10, ఖర్చుకు 10. కూడితే వంద. చూడ్డానికి భలే ఉంది. రంగులు కూడా వేశాను.

మార్కులు వేసేది ముగ్గురం. ఒకాయన రిటైరైన స్టాటిస్టిక్స్ లెక్చరర్. ఒకావిడ ఇరవై ఏళ్లుగా బస్తీ సంఘాలతో తిరుగుతున్న కార్యకర్త. మూడోది నేను. ట్రయల్ కోసం మూసీ రిపోర్టు తీసుకుని ఎవరికి వాళ్లం విడివిడిగా వేశాం. ఆయన 54, ఆవిడ 81, నేను 67. మధ్యలో ఉన్నందుకు ఒక క్షణం గర్వంగా అనిపించింది కూడా. తర్వాత నా కాగితం నేనే చూసుకుంటే అర్థమైంది, ఇద్దరికీ నొప్పి కలగకుండా వేశానంతే.

తేడా ఎక్కువగా ఒక్క ప్రశ్న దగ్గరే వచ్చింది. "శాంపిల్ తగినట్టుగా ఉందా?" అన్నదానికి పదికి ఆయన రెండిచ్చారు. 62 ఇళ్లు, జాబితా లేదు, ఒక రైతు ఇంకో రైతును చూపిస్తే అలా పోయారు, దీన్ని శాంపిల్ అంటారా అని. ఆవిడ తొమ్మిదిచ్చింది. ఆ భూములు నోటిమాట కౌలు మీద నడిచేవి, "ఆ కౌలుదారుల జాబితా ఎవరి దగ్గరుంటుంది? నన్ను తెచ్చిమ్మంటారా?" అని. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అదే నా టెన్షన్.

గద్వాల రిపోర్టుది ఇంకో గోల. సరిగ్గా క్రాసింగ్ సీజన్‌లో, అంటే పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే రోజుల్లో వెళ్తే, ఆర్గనైజర్లు (విత్తన కంపెనీలకు, రైతులకు మధ్య ఉండే దళారులు) చేలల్లోకి రానివ్వలేదట. తెల్లవారుజామున బస్టాండులో, రాత్రిళ్లు ఇళ్ల దగ్గర కూలీలను పట్టుకుని మాట్లాడారు. 120 ఇంటర్వ్యూలు అనుకున్నవి 31 అయ్యాయి. ఆ సంగతి రిపోర్టులో మొదటి పేజీలోనే రాసుకున్నారు, దాచలేదు. నా ఫారం ప్రకారం దానికి 49. ప్రభుత్వ పట్టికలు ముందేసుకుని ఏసీ గదిలో కూర్చుని రాసిన ఇంకో రిపోర్టుకు 73!

ఇక ఉపయోగం. "విధానంలో మార్పు వచ్చిందా, అవును/కాదు" అని పెట్టాను. పద్నాలుగు మందిలో పదకొండు మంది అవును అన్నారు. ఒకాయన రుజువుగా కలెక్టర్ పక్కన నిలబడిన ఫోటో జతచేశాడు. ఆ ఫోటోకి ఎన్ని మార్కులెయ్యాలి?

బోర్డు మీటింగ్ ఇంకా ఐదు వారాలుంది. వెయిటేజీలు మార్చాలా, ప్రశ్నలు మార్చాలా, అసలు కూడికే మానెయ్యాలా? ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి.

—

లెక్క_తేలాలి:

ఇంత శ్రమ ఎందుకండీ. జర్నల్లో వచ్చిందా, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ వ్యాసాలను సగటున ఎన్నిసార్లు ప్రస్తావిస్తారనే అంకె) ఎంత, ఎంతమంది ఆ పనిని తమ వ్యాసాల్లో ప్రస్తావించారు (సైటేషన్లు), చూసుకుంటే పదిహేను నిమిషాల పని. అందులో గొడవలుండవు, అంకెకు మొహమాటం ఉండదు.

—

రాజేంద్రనగర్_పాతకాపు:

అమ్మా, ముప్పై ఏళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను. మీ ఫారం లాంటివి నేనూ నాలుగైదు చేశాను, రంగులతో సహా. కాబట్టి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మొదటి చిక్కు చెప్తాను. మీ విభాగాలు చూస్తుంటే ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమి) వాళ్ల డీఏసీ ప్రమాణాల వాసన వస్తోంది, అభివృద్ధి సాయంతో జరిగే పనులను కొలిచేవి. 1991లో వచ్చినవి, 2019లో సవరించారు. సందర్భోచితత, పొందిక, ఫలసాధన, పొదుపు, ప్రభావం, నిలకడ, ఇవి ఆరు. మంచివే. కానీ అవి కార్యక్రమాల కోసం పుట్టాయి. బోరు వేసే పథకాన్ని నీళ్లు పడ్డాయా అని అడగొచ్చు. పరిశోధన అలా కాదు. "ఈ పథకం పనిచెయ్యడం లేదు" అని తేల్చిన రిపోర్టు అద్భుతమైన పరిశోధన కావచ్చు, దాన్ని ఎవరూ వాడకపోవచ్చు. చెడ్డ పరిశోధన ఒక్కోసారి రాత్రికి రాత్రే జీవో అయిపోతుంది. అది మరీ ప్రమాదం.

పరిశోధనకని ప్రత్యేకంగా తయారుచేసిన కొలబద్ద ఒకటుంది. కెనడాలో 1970లో పెట్టిన ఐడీఆర్సీ అనే సంస్థ 2016లో తెచ్చిన రీసెర్చ్ క్వాలిటీ ప్లస్. అందరూ ఆర్‌క్యూ ప్లస్ అంటారు. అందులో నాలుగు వైపుల నుంచి చూస్తారు. ఒకటి, పద్ధతి శుభ్రంగా ఉందా. రెండు, ఎవరి గురించి రాశారో వాళ్ల పట్ల న్యాయంగా నడుచుకున్నారా: వాళ్లకు హాని జరిగే అవకాశం గురించి ఆలోచించారా, ఆడవాళ్ల సంగతి పట్టించుకున్నారా, అట్టడుగున ఉన్నవాళ్లను కలుపుకున్నారా, అక్కడివాళ్లకు ముందే తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకున్నారా. మూడు, చేసిన పనికి కొత్తదనం, అవసరం ఉన్నాయా. నాలుగు, వాడుకునేవాళ్ల చేతికి అందేట్టు, వేళకు అందేట్టు సిద్ధం చేశారా. ఈ నాలుగోది బాగా గమనించండి. "వాడారా" అని అడగదు, "వాడుకోవడానికి వీలుగా పెట్టారా" అని అడుగుతుంది. వాడటం మంత్రి చేతిలోనో కలెక్టర్ చేతిలోనో ఉంటుంది. వీలుగా పెట్టడం పరిశోధకుడి చేతిలో ఉంటుంది. మీ ఫోటో సమస్య సగం ఇక్కడే తీరిపోతుంది.

ఈ నాలుగూ కాక, మార్కులు వేసే ముందు పరిస్థితి రాసుకోమంటుంది: ఆ రంగంలో ముందే ఎంత పని జరిగింది, చేసినవాళ్లకు నేర్పే పని కూడా అందులో ఉందా, సమాచారం దొరికే చోటా కాదా, సంస్థాపరంగా అండ ఉందా, రాజకీయంగా వేడిగా ఉన్న విషయమా. మీ గద్వాల రిపోర్టుకు ఇది కావాలి. అయితే ఒక హెచ్చరిక: పరిస్థితి చెడ్డదని బోనస్ మార్కులు కలపకండి. కాలువ కింద పాతిక బస్తాలు పండాయి, కరువు ఏడాది మెట్ట చేలో ఐదు బస్తాలు పండాయి. ఐదును పాతిక చేసి రాయం కదా. ఐదు అనే రాసి, పక్కన "వాన లేదు" అని రాస్తాం. చదివేవాడు రెండూ చూసి ఆ రైతు సంగతి తెలుసుకుంటాడు.

ఇక ఆ శాంపిల్ తగువు. మీ లెక్చరర్‌గారూ మీ కార్యకర్తా ఒకే ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఆయన "62 ఇళ్లను బట్టి అందరి గురించీ చెప్పొచ్చా" అని అడుగుతున్నారు. ఆవిడ "ఇంతకంటే బాగా చెయ్యడం కుదిరేదా" అని అడుగుతోంది. తప్పు మీ ప్రశ్నది, "తగినట్టుగా" అనే మాటది. దాన్ని మూడు ముక్కలు చెయ్యండి. ఎవరిని ఎంచుకున్నారో, ఎందుకో చెప్పారా? ఎవరు తప్పిపోయారో చెప్పారా? ఎంచుకున్నదాన్ని మించి గొప్పలు పోయారా? రిపోర్టు "ఇక్కడ కౌలు ఇలా నడుస్తోంది" అంటే 62 ఇళ్లు చాలు. "మూసీ రైతుల్లో ఇంత శాతం" అంటే చాలదు. ఒకసారి రిపోర్టు తిరగేసి ఏమన్నారో చూడండి.

కూడిక మానెయ్యండి. అడిగినవాళ్ల అనుమతి తీసుకోకపోవడం, వాళ్లు ఎవరో ఊళ్లో గుర్తుపట్టేలా రాసేయడం, ఇలాంటివి మార్కుల కిందకు రావు. అవి గుమ్మం దగ్గర ఆపాల్సినవి. పప్పు బాగుంది, పులుసు బాగుంది, అన్నంలో రాళ్లున్నా సగటున భోజనం బాగుందని ఎవరన్నా అంటారా?

—

గచ్చిబౌలి_పీహెచ్‌డీ:

@లెక్క_తేలాలి అన్నా, అంకెకు మొహమాటం లేకపోవచ్చు గానీ పక్షపాతం ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, వ్యాసానిది కాదు. ఈ గొడవ మీదే 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డోరా అని ఒక ప్రకటన చేశారు, పరిశోధకుల పనిని జర్నల్ అంకెతో కొలవొద్దని. 2015లో లైడెన్ మ్యానిఫెస్టో వచ్చింది, పది సూత్రాలు. అందులో ఒకటి స్థానిక అవసరాల మీద చేసే మంచి పనిని కాపాడుకోమంటుంది. ఎందుకంటే పెద్ద జర్నళ్లు ఎక్కువగా ఇంగ్లిషువి, వాటికి పర్వతాపురం కౌలుదారు అక్కర్లేదు. అక్క చెప్పిన మూసీ రిపోర్టు తెలుగులో వేసి పంచిపెట్టారనుకోండి, సైటేషన్లు సున్నా. సున్నా అంటే పనికిరాదని అర్థమా?

మన ఊరి ఉదాహరణే చెప్తా. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం, అంటే 52 బస్తీల్లో మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు తెరిపించి చేసిన అధ్యయనం గుర్తుందా? బెనర్జీ, డఫ్లో, గ్లెనర్‌స్టర్, కిన్నన్ చేసింది. అప్పులు పెరిగాయి, అప్పటికే ఉన్న చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది, అంతేగానీ ఇంటి ఖర్చులు, పిల్లల చదువు, ఆడవాళ్ల నిర్ణయాధికారం లాంటి వాటిలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదని తేలింది. వర్కింగ్ పేపర్ (జర్నల్‌కు ముందు బయటపెట్టే ప్రతి) 2009లో వచ్చింది. జర్నల్లో అచ్చయ్యింది 2015లో. మధ్యలో 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. ఆర్డినెన్స్ ఈ పేపర్ వల్ల వచ్చిందని నేననట్లేదు, బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల వార్తలు వేరే కథ. నేననేది ఏంటంటే, 2011లో కూర్చుని ఎవరైనా లెక్క అన్న చెప్పినట్టు కొలిస్తే ఆ అధ్యయనానికి "జర్నల్: లేదు". 2016లో కొలిస్తే ఫుల్ మార్కులు. పని అదే, బస్తీలు అవే. "ఎప్పుడు కొలిచారు" అన్న గడి మీ ఫారంలో తప్పకుండా ఉండాలక్కా.

ఇంకో సంగతి. ముగ్గురు వేసిన మార్కులు కలుస్తున్నాయా లేదా అని చూడటానికి ఎవరో ఒకరు మీకు కప్పా లెక్కగట్టమంటారు. కోహెన్ 1960లో ఇచ్చిన సూత్రం. అది ఇద్దరికి, ముగ్గురికి వేరే రకాలున్నాయి. 0.61 దాటితే "గట్టి ఏకీభావం" అని ఒక పట్టిక అందరూ వాడతారు, లాండిస్, కోచ్ 1977లో పెట్టింది. ఆ గీతలు ఇష్టం వచ్చినట్టు గీసినవేనని వాళ్లే రాశారు! పైగా 14 రిపోర్టులతో వచ్చే కప్పా గాలిపటంలా ఊగుతుంది. లైట్ తీసుకోండి. ప్రతి ప్రశ్నకూ ముగ్గురి మార్కులూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ రెండు మెట్లకు మించి తేడా వచ్చిందో అక్కడ కూర్చుని మాట్లాడుకోండి. ఏకీభావం దానంతట అది గొప్పేం కాదు. ముగ్గురూ ఒకే కాలేజీలో చదివితే ముగ్గురూ ఒకేలా పొరబడతారు. మీ టీమ్‌లో లెక్చరర్, కార్యకర్త ఇద్దరూ ఉండటం మీ అదృష్టం.

—

ఓల్డ్‌సిటీ_చాయ్:

డబ్బిచ్చింది మీ ట్రస్టే, మార్కులేసేదీ మీ ట్రస్టే. అన్నీ బాగున్నాయని తేలితే ఆశ్చర్యపోయేదెవరు?

—

హబ్సిగూడ_ఫైళ్లు:

@ఓల్డ్‌సిటీ_చాయ్ గారూ, తగిలింది. ముగ్గురిలో నేనొక్కదాన్నే ట్రస్టు మనిషిని, మిగతా ఇద్దరూ బయటివాళ్లు. కానీ పద్నాలుగింటిలో మూడు ప్రతిపాదనలు పాస్ చేసింది నేనే. ఆ మూడింటికి నేను మార్కులు వెయ్యను, వేరే ఒకరిని చూసుకుంటాను. ఈ ఆలోచన నాకు ముందే రావాల్సింది.

@పాతకాపు గారూ, ఒక అనుమానం. ఆర్‌క్యూ ప్లస్‌లో ఎన్ని మెట్లుంటాయి? ఐదుకు వేస్తే అందరూ మూడే వేస్తున్నారు.

—

రాజేంద్రనగర్_పాతకాపు:

ఎనిమిది. సరిసంఖ్య కావడంతో మధ్యలో కూర్చోడానికి కుర్చీ ఉండదు. నాలుగా ఐదా తేల్చుకోవాల్సిందే, మీలాంటివాళ్ల కోసమే పెట్టినట్టుంది. అసలు సంగతి అంకె కాదమ్మా, ప్రతి మెట్టుకూ ఎదురుగా ఒక వాక్యం రాయాలి: ఈ మెట్టు మీద ఉన్న రిపోర్టు ఎలా కనబడుతుంది అని. ఆ వాక్యాలు మీ ముగ్గురూ కూర్చుని మీ రిపోర్టుల్లోంచి ఏరి రాసుకోండి, అచ్చు వాక్యాలు తెచ్చుకోకండి. ముందు రెండు రిపోర్టులతో ట్రయల్ వేసి, పోట్లాడుకుని, వాక్యాలు తిరగరాసి, అప్పుడు మిగతా పన్నెండు మొదలుపెట్టండి. ట్రయల్ వేసిన రెండింటికీ చివర్లో మళ్లీ కొత్తగా వెయ్యండి. ఇంకోటి, అభిప్రాయం మీద మార్కు వెయ్యొద్దు. ప్రతి మార్కు పక్కనా ఏ పేజీ, ఎవరితో మాట్లాడితే తెలిసింది అని ఉండాలి. రిపోర్టు ఒక్కటే చదివి వేస్తే మీరు రాతకు మార్కులు వేస్తున్నట్టు, పరిశోధనకు కాదు.

కొత్తవాళ్లకు నేర్పుతూ చేసిన పనుల్లో నాణ్యత తగ్గుతుందని ఒక భయం ఉంటుంది, మీ లెక్చరర్‌గారికి కూడా ఉండొచ్చు. ఐడీఆర్సీ వాళ్లు 170 పనుల మార్కులు ఒకచోట చేర్చి చూస్తే అలా ఏం కనబడలేదు, నేర్పడం మీద శ్రద్ధ పెట్టిన చోట నాణ్యత కూడా బాగుంది. 2018లో వచ్చింది ఆ సంగతి.

—

పాలమూరు_షెడ్యూల్:

మేడమ్, నేను పదహారేళ్లుగా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. మీ పోస్టు మొత్తం చదివిన. 22 ప్రశ్నల్లో మా గురించి ఒక్కటైనా ఉన్నట్టు అనిపించలేదు, అందుకే రాస్తున్న.

రిపోర్టులో "సమాచారం సేకరించబడింది" అని ఉంటది. ఎవరు సేకరించారు? రోజుకు ఎన్ని ఇళ్లు తిరగమన్నరు? నన్ను ఒకచోట రోజుకు పన్నెండు షెడ్యూళ్లు (ఇంటికొకటి నింపే ప్రశ్నల కాగితాలు) చెయ్యమన్నరు, ఒక్కోదానికి గంటంబావు పడ్తది. లెక్కేస్కోండి. పదిహేను గంటలు. ఎట్ల అయితయి? అయినయి మరి, కాగితం మీద.

భాష సంగతి ఇంకోటి. ఇంగ్లిషులో హౌస్‌హోల్డ్ అని ఉంటది. ట్యాబులో "కుటుంబం" అని పెడ్తరు. కుటుంబం అనంగనే ముసలామె పట్నంల ఉన్న కొడుకును, అత్తారింటికి పోయిన బిడ్డను గూడ చెప్తది. "ఒక పొయ్యి మీద వండుకుని తినేటోళ్లు ఎంతమంది" అని అడిగితే సరిగ్గ చెప్తది. ఏ మాట వాడిన్రో ఆ మాటను బట్టి లెక్కలు మారిపోతయి. మీ మార్కులేసేటోళ్లు తెలుగు షెడ్యూల్ అడిగి చూసిన్రా? ఇంగ్లిషుదే చూసుంటరు.

మా పాలమూరులనే ఇక్రిశాట్ (మెట్ట పంటల పరిశోధన సంస్థ) వాళ్లు 1975ల మొదలుపెట్టిన ఊళ్ల అధ్యయనం ఉంది. ఔరేపల్లి, డోకూర్, ఇంకా మహారాష్ట్రల నాలుగు ఊళ్లు. ఊరికి 40 ఇళ్లు, అంతే. కానీ ఇన్వెస్టిగేటర్లు ఊళ్లెనే ఉండి ఏండ్ల తరబడి అవే ఇళ్లకు పోయిన్రు. ఆ లెక్కల మీద ఇప్పటికీ దేశదేశాల ప్రొఫెసర్లు పేపర్లు రాస్తున్నరు. 40 ఇండ్లకు మీ ఫారంల శాంపిల్ మార్కులు ఎన్ని పడ్తయో నాకైతే తెల్వదు.

ఇంకొక్కటి అడిగి ఆపేస్త. ఊళ్లకు రెండోసారి పోతే ఆడోళ్లు మొట్టమొదలు అడిగేది, "పోయినసారి రాసుకపోయింది ఏమాయె?" అని. దీనికి మీ ఫారంల ఎక్కడన్న జాగ ఉన్నదా?

—

హబ్సిగూడ_ఫైళ్లు:

ఐదు వారాల తర్వాత వస్తున్నాను, మన్నించండి. ఏం జరిగిందో చెప్తే ఇంకెవరికైనా పనికొస్తుందని.

22 ప్రశ్నలు 9 అయ్యాయి. గుమ్మం దగ్గర రెండు. ఫలితాలు చదవకముందే నింపాల్సిన పేజీ ఒకటి ముందు పెట్టాను: ఎక్కడ, ఏ నెలలో, ఎవరు తిరిగారు, రోజుకు ఎన్ని ఇంటర్వ్యూలు, ఏ అడ్డంకులు. తెలుగు షెడ్యూల్ పంపమని పద్నాలుగు మందికీ మెయిల్ పెడితే ఆరుగురే పంపారు. ఇద్దరి దగ్గర అసలు లేదు, ఇన్వెస్టిగేటర్లు ఇంగ్లిషు చూసి అక్కడికక్కడ తెలుగులో అడిగారట. ఈ ఒక్క మెయిల్ వల్ల నాకు తెలిసినంత పాత 22 ప్రశ్నల వల్ల తెలియలేదు.

మూసీ రిపోర్టు మళ్లీ తీశాం. తార్నాకలో ఒక హోటల్లో మూడు రౌండ్ల చాయ్ పట్టింది. పాతకాపుగారన్నట్టే చూస్తే రిపోర్టు నిండా "ఇలా జరుగుతోంది" అనే ఉంది, సారాంశం పేజీలో మాత్రం "ఈ ప్రాంత రైతుల్లో ఇంత శాతం" అని రెండు వాక్యాలు. ఆ రెంటినీ పసుపు మార్కర్‌తో గీసి చూపించగానే లెక్చరర్‌గారు మిగతా దానికి మార్కులు పెంచారు, కార్యకర్త కొంచెం తగ్గించింది. పద్ధతి దగ్గర 8కి ఆయన 5, ఆవిడ 6. అంతవరకు సంతోషం.

తర్వాత పాలమూరు అన్న ప్రశ్న పట్టుకుని నేను పర్వతాపురం వెళ్లాను. రిపోర్టులో ఉన్న చోటు అడుగుతూ పోతే పారా గడ్డి మోపులు కడుతున్న ఇద్దరు దొరికారు. వాళ్లకు బాగా గుర్తుంది. "సీసాల్లో నీళ్లు పట్టుకుపోయిన అమ్మాయి" అన్నారు. పరీక్ష చేయించి ఏముందో వచ్చి చెప్తానందట. రెండేళ్లయింది, ఎవరూ రాలేదు. ఆ గడ్డి మా బర్రెలు తింటున్నాయి, ఆ పాలు మా పిల్లలు తాగుతున్నారు, చెప్పి ఉంటే బాగుండేది అన్నాడు ఒకాయన. కోపంగా కూడా కాదు, మామూలుగానే అన్నాడు. పరీక్ష ఫలితాలు రిపోర్టు అనుబంధంలో ఉన్నాయి. ఇంగ్లిషులో, పట్టికగా.

ఇది చెప్పాక మా కార్యకర్త చాలాసేపు మాట్లాడలేదు. 81 వేసింది ఆవిడే కదా. న్యాయంగా నడుచుకున్నారా అన్న దగ్గర తను ముందు వేసిన 7 కొట్టేసి 3 వేసింది. నేను వెనక్కి వచ్చాక ఆ పట్టికను ఒక పేజీ తెలుగులో రాయించమని ఆ పరిశోధకురాలికి ఫోన్ చేశాను. ఒప్పుకుంది. తనూ ఇబ్బంది పడింది పాపం, డబ్బులు అయిపోయాయి, తిరిగి వెళ్లడానికి బడ్జెట్‌లో లైన్ లేదు అంది. బడ్జెట్ ఆమోదించింది ఎవరు? మేమే. కాబట్టి ఆ 3లో కొంత వాటా మా ట్రస్టుది. ఇది ఫారంలో ఎక్కడ రాయాలో ఇంకా తెలియలేదు, చివరకు పరిస్థితి పేజీలో "దాత" అని ఒక గడి పెట్టాను.

బోర్డుకు కూడిక లేకుండా ఇచ్చాను. రిపోర్టుకు ఒక పేజీ, నాలుగు వైపులకూ నాలుగు మార్కులు, పక్కన కారణం, ముగ్గురం ఏకీభవించని చోట ఇద్దరి మాటా. నేను మాట్లాడుతుండగానే ఒక ట్రస్టీగారు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి నాలుగూ కూడుతూ కనబడ్డారు. ఏం చేస్తాం. బోరబండ బస్సుల పనికి, బాలామృతం పనికి రెండో విడత డబ్బు వచ్చింది. గద్వాల సంగతి వచ్చే మీటింగ్‌కి వాయిదా పడింది. 31 ఇంటర్వ్యూలే కదా అన్నవాళ్లున్నారు, 31 దొరకడమే గొప్ప అన్నవాళ్లున్నారు, కానీ ఈసారి ఇద్దరూ ముందు పేజీ చదివాకే అన్నారు.

—

పాలమూరు_షెడ్యూల్:

మేడమ్ పర్వతాపురం పోయిన్రు, సంతోషం. మీ కొత్త ఫారం తెలుగుల ఉన్నదా?

—

హబ్సిగూడ_ఫైళ్లు:

లేదన్నా. ఇంగ్లిషులోనే ఉంది. మీరు అడుగుతారనే ఈ ఆదివారం కూర్చున్నాను. పద్ధతి దగ్గరుండే "రిగర్" అనే ఇంగ్లిషు మాట దగ్గరే గంట పోయింది. కచ్చితత్వం అని రాశాను, కొట్టేశాను. పటిష్టత అని రాశాను, సిమెంట్ యాడ్‌లా ఉంది. చివరకు మాట వదిలేసి ప్రశ్నే రాశాను: "ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎంతమందిని అడిగి చెప్పారు? ఎదురు మాట చెప్పినవాళ్లను రిపోర్టులో ఎక్కడ పెట్టారు?" ఇంగ్లిషు ఫారంలో కూడా ఇదే పెట్టేద్దామా అనుకుంటున్నాను.

—

పాలమూరు_షెడ్యూల్:

మంచిగున్నది. దాని కింద "అడగడానికి పోయింది ఎవరు" అని ఇంకో గీత గీయండి. పేర్లు రాసేటంత జాగ వదలండి, ఒక్కోసారి నలుగురైదుగురం ఉంటం.